కుర్చీ ఎప్పుడు ఖాళీ అయింది?



మీ ఇంట్లో ఎవరైనా బెంగుళూరులోనో హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే ఈ మాట మీరు వినే ఉంటారు. "అమ్మా, పేపరు పెట్టేశాను." పేపరు పెట్టడమంటే రాజీనామా ఇవ్వడం. తల్లి గుండె గుభేలుమంటుంది. "ఏమైందిరా, ఎవరేమన్నారు?" అంటుంది. "ఏం లేదమ్మా, వేరే కంపెనీవాళ్లు 30 శాతం హైక్ ఇస్తున్నారు" అంటాడు కొడుకు. తల్లి హమ్మయ్య అనుకుని పొయ్యి మీద కూర సంగతి చూసుకోడానికి వెళ్తుంది.

ఆ "ఏం లేదమ్మా" ఉంది చూశారూ, దాని గురించే ఇవాళ నా మాటలు.

నేను చాలా ఏళ్లు బెంగుళూరులో హెచ్ఆర్ ఉద్యోగం చేశాను. హెచ్ఆర్ అంటే తెలుసుగా. మనిషి చేరేరోజున నవ్వుతూ చెయ్యి కలిపేదీ మేమే. వెళ్లేరోజున మెళ్లో ఐడీ కార్డు తీసి ఇమ్మనేదీ మేమే. మాది సింధనూరు దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువకి నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల రైతులు వచ్చి రాయచూరు జిల్లాలో వరి వేసుకుని స్థిరపడ్డారు కదా, ఆ ఊళ్లనే క్యాంపులంటారు. మా తాతయ్య అలా వచ్చినవాడే.

మా పక్కచేను ఆయన దగ్గర పాలేరు ఏడాది తిరిగేసరికి మారిపోయేవాడు. జీతం మా తాతయ్య ఇచ్చేదానికన్నా ఎక్కువే ఇచ్చేవాడాయన. అయినా ఉగాది రాగానే మూట సర్దేసేవాడు పాలేరు. మా ఇంట్లో పాలేరు మాత్రం ఇరవై ఏళ్లున్నాడు. తాతయ్యని ఎవరైనా అడిగితే, "నాకేం తెలుసు, వాడు తిన్నాడో లేదో చూసుకుంటాను, అంతే" అనేవాడు. నేను తర్వాత ఎంబీఏలో మానవ వనరుల మీద లావుపాటి పుస్తకాలు చదివాను. ఆ మాటకు మించి వాటిల్లో పెద్దగా దొరికిందేమీ లేదు. పరీక్షలో అలా రాస్తే మార్కులు పడవు కాబట్టి ఇంకేదో రాశాను లెండి.

సరే, ఇప్పుడు మీకో కుర్రాడి సంగతి చెప్తాను. పేరు చెప్పను. కంపెనీ పేరు కూడా చెప్పను. ఊరి పేరు మాత్రం చెప్తాను. ముదగల్.

ముదగల్ మా రాయచూరు జిల్లాలోనే, లింగసుగూరు తాలూకాలో. పెద్ద కోట, చుట్టూ నీళ్ల కందకం. ఆ కోట సంగతి తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి. ముదగల్ కుర్రాడు. తెలుగువాడు. ఇంజనీరింగు చదివి మా కంపెనీలో చేరాడు.

అప్పటికి మా కంపెనీ చాలా చిన్నది. ఒక ఫర్నిచర్ షాపు మీద మేడ. నలభై మందిమి. మధ్యాహ్నం ఒంటిగంటకి రెండు బల్లలు కలిపి వేసుకుని అందరం కలిసి తినేవాళ్లం. యజమాని కూడా మాతోనే. ఆ కుర్రాడు డబ్బాలో కడక్ జొన్నరొట్టెలు తెచ్చేవాడు. ఊరి నుంచి వాళ్లమ్మ పంపేది. పళ్లకింద కరకరలాడేవి. పక్కన గురెళ్ల పొడి, అంటే వెర్రినువ్వుల పొడి. ఆ డబ్బా మూత తీస్తే చాలు, తమిళ పిల్ల ఒకటి, బెంగాలీ అబ్బాయి ఒకడు, మా యజమాని, అందరి చేతులూ అందులోనే. చివరికి వాడికి ఒక ముక్క మిగిలితే గొప్ప.

ఆ కుర్రాడికి ఇంకో గుణం ఉండేది. గట్టిగా చెప్పేవాడు. కొత్త సాఫ్ట్‌వేర్ కస్టమర్‌కి పంపే ముందురోజు అందరూ బావుంది బావుందంటుంటే, "ఇది రేపు పగుల్తుంది సార్" అనేవాడు. యజమాని మొహం ముడుచుకునేది. కానీ వినేవాడు. వాడన్నట్టు చాలాసార్లు నిజంగానే పగిలేది కూడా.

కంపెనీ పెరిగింది. నలభై మంది ఆరు వందలయ్యారు. అద్దాల బిల్డింగు. కార్డు గీకితేనే తలుపు తెరుచుకుంటుంది. కాఫెటీరియా ఒక అంతస్తు కిందికి వెళ్లిపోయింది, భోజనాలకి వంతులు పెట్టారు. యజమానికి వేరే గది. కుర్రాడికీ యజమానికీ మధ్య నలుగురు మేనేజర్లు వచ్చారు. ఆ నలుగుర్నీ ఉద్యోగంలోకి తీసుకున్నది నేనే.

ఒక శుక్రవారం రాత్రి కస్టమర్ దగ్గర సిస్టమ్ కూర్చుండిపోయింది. ఈ కుర్రాడు తెల్లారి నాలుగింటిదాకా కూర్చుని లేపాడు. పొద్దున్నే కస్టమర్ నుంచి మెయిల్ వచ్చింది, చాలా సంతోషమని. మేనేజర్ ఆ మెయిల్‌ని అందరికీ పంపాడు, "మన టీమ్ సాధించింది" అని. కింద సంతకం తనది. కుర్రాడి పేరు ఎక్కడా లేదు. దురుద్దేశం ఉందని నేననను. తొందరలో మర్చిపోయి ఉంటాడు. కానీ లేదు. పేరు లేదు.

ఆ తర్వాత నెలలో పీర్ల పండుగ వచ్చింది. మొహర్రం. కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, మూడురోజులు సెలవు కావాలి, మేనేజర్ ఒప్పుకోవట్లేదు. మొహర్రంకి ఊరెళ్లాలి" అన్నాడు. నేను కంప్యూటర్లో వాడి ఫైలు చూశాను. పేరు చూశాను. చూసి, ఏమన్నానో తెలుసా? "మొహర్రం ఏంటి? నువ్వు హిందువే కదా?"

నిజంగా అర్థంకాకే అడిగాను. సింధనూరు ఎంతో దూరం కాదు ముదగల్‌కి. అయినా నాకు తెలీలేదు. వాడు ఒక క్షణం నా మొహంలోకి చూశాడు. "సరే మేడమ్, పర్లేదు" అన్నాడు. వెళ్లిపోయాడు. ఊరికి వెళ్లలేదు.

ఆరోజునుంచీ వాడిలో నోరు విప్పి గట్టిగా చెప్పేవాడు కనపడలేదు. "పగుల్తుంది సార్" అనడం మానేశాడు. మీటింగుల్లో తలూపేవాడు. డబ్బా తేవడం మానేశాడు. తమాషా ఏమిటంటే, ఆ ఏడాది అప్రైజల్‌లో వాడికి మంచి రేటింగ్ వచ్చింది. "బాగా పరిణతి వచ్చింది" అని రాశాడు మేనేజర్. మేమందరం సంతోషించాం.

ఆరు నెలలకి పేపరు పెట్టాడు. మూడు నెలల నోటీసు. తన పని ఇంకొకరికి నేర్పి అప్పజెప్పాడు, ఒక్కరోజు కూడా మానకుండా. చివరిరోజు నేను ఫారం ముందు పెట్టాను. "ఎందుకు వెళ్తున్నారు?" అని ఒక ప్రశ్న ఉంటుంది అందులో. దానికింద ఐదారు గళ్లు. వాడు "మెరుగైన అవకాశం" అన్న గడిలో టిక్కు పెట్టాడు. అమ్మతో "ఏం లేదమ్మా" అంటారే, అదే ఇది. ఇంగ్లీషులో.

నేను ఆ టిక్కుని లెక్కలో వేసుకున్నాను. ఏడాది చివర యజమానికి చూపించాను: మనవాళ్లు డబ్బు కోసమే వెళ్తున్నారు సార్, జీతాలు పెంచాలి.

ఇదీ సంగతి. కుర్చీ ఖాళీ అయింది పేపరు పెట్టిన రోజునా, ఐడీ కార్డు ఇచ్చేసిన రోజునా? నన్నడిగితే, "సరే మేడమ్, పర్లేదు" అన్న రోజునే ఖాళీ అయింది. ఆ తర్వాత తొమ్మిది నెలలు దానిలో ఎవరో కూర్చున్నారు, అంతే.

డబ్బు లెక్కలోకి రాదని నేననను. ఆ మాట చెప్పేవాళ్లకి సాధారణంగా జీతాలు బాగా ఉంటాయి. మన పెద్ద ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరే పిల్లలకి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ ఇవ్వడం పదేళ్లకు పైగా అలాగే సాగింది. ఈలోగా బెంగుళూరులో ఇంటద్దె ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. కోవిడ్ తర్వాత గిరాకీ పెరగ్గానే పిల్లలు వలస కట్టారు. 2022 మధ్యలో ఇన్ఫోసిస్‌లో ఏడాదికి నూటికి 28 మంది వెళ్లిపోతున్న లెక్క. టీసీఎస్‌లో నూటికి ఇంచుమించు 20 మంది. అంటే నలుగురో ఐదుగురో కూర్చునే వరసలో ఏడాది తిరిగేసరికి ఒకరు కొత్త మొహం.

డబ్బుతో ఆపొచ్చని నిరూపించినవాడూ ఉన్నాడు. అమెరికాలో హెన్రీ ఫోర్డ్, కార్ల ఆయన. 1913లో కదిలే పట్టా మీద కారు బిగించే పద్ధతి పెట్టాడు. ఒకే మర, రోజంతా అదే మర బిగించడం. జనం పారిపోయారు. 14,000 మందిని నిలుపుకోవడానికి ఏడాదిలో 52,000 మందిని పెట్టుకోవాల్సొచ్చింది. 1914 జనవరిలో రోజుకి 5 డాలర్లన్నాడు, కూలి ఇంచుమించు రెట్టింపు. గేటు ముందు జనం తొక్కిసలాట. వలస ఆగింది. కానీ ఆ 5 డాలర్లకి ఒక మెలిక ఉంది. ఫోర్డ్ మనుషులు పనివాళ్ల ఇళ్లకెళ్లి చూసేవాళ్లు. తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాస్తున్నాడా అని. మా పక్కచేను ఆసామీకి ఈ ఆలోచన రాలేదు, సంతోషం.

ఇక ముదగల్ కోట సంగతి. గుర్తుంది కదా.

ఇప్పటికి దాదాపు 600 ఏళ్ల కిందట విజయనగరానికి రెండో దేవరాయలు రాజు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న మా ఈ నేల కోసం బహమనీ సుల్తాన్లతో ఎప్పుడూ యుద్ధాలే. విజయనగరానికి దెబ్బ మీద దెబ్బ. రాజు సభ పిలిచి అడిగాడట, మనమెందుకు ఓడిపోతున్నాం అని. ఈ సంగతి రాసింది ఫెరిష్తా, తర్వాతికాలంలో బీజాపూరులో ఉండి చరిత్ర రాసినాయన. సభలో కొందరన్నారట, అది దైవనిర్ణయం, శాస్త్రాల్లోనే రాసిపెట్టి ఉందని. నేను ఎన్నో మీటింగుల్లో ఈ జవాబు విన్నాను. దాన్ని మేం "మార్కెట్ అలా ఉంది" అంటాం. ఇంకొందరు మాత్రం అసలు మాట చెప్పారు. వాళ్ల గుర్రాలు బలమైనవి, వాళ్ల విలుకాళ్లు గొప్పవాళ్లు అని.

రాజు ముస్లిం విలుకాళ్లని కొలువులోకి తీసుకున్నాడు. జాగీర్లిచ్చాడు. అది మన భాషలో ప్యాకేజీ. ప్యాకేజీ ఎవరైనా ఇస్తారు. కొత్తవాళ్లకి ఒక చిక్కుంది. కొలువులో ఉన్నాక రాజుకి వంగి సలాం చెయ్యాలి. వేరే మతం రాజుకి వంగాలంటే వాళ్ల మనసొప్పుకోదు. రాజు ఏం చేశాడంటే, సింహాసనం ముందు ఒక పీట మీద ఖురాను పెట్టించాడట. వాళ్లు వంగితే తమ గ్రంథానికి వంగినట్టు. రాజుకి సలామూ అయినట్టు. వాళ్లకో మసీదు కట్టించాడు. అక్కడితో ఆగలేదు. తన హిందూ సైనికులందర్నీ వాళ్ల దగ్గర విలువిద్య నేర్చుకోమన్నాడు. తనూ పట్టుబట్టి అభ్యాసం చేశాడు.

ఒక్క నిమిషం ఆ పీట దగ్గర ఆగుదాం. ఆ రాజు కొత్తవాడిని "నువ్వు మావాడివి కాదు కదా" అనలేదు. "మా పద్ధతి ఇది, నచ్చితే ఉండు" అనీ అనలేదు. వాడు దేనికి వంగుతాడో కనుక్కుని, దాన్ని తెప్పించి తన ముందు పెట్టుకున్నాడు. నేను చేసింది సరిగ్గా దీనికి విరుద్ధం.

ఇదంతా సుల్తాన్ల చరిత్రకారుడు అల్లిన కథేమో అనుకునేవాళ్లుంటారు. హంపిలో ఈనాటికీ ఒక కట్టడం ఉంది. దేవరాయల కొలువులో పనిచేసిన అహ్మద్ ఖాన్ 1439లో కట్టించాడు. శాసనం కన్నడంలో ఉంది. మసీదే అది, కానీ శాసనంలో దాన్ని ధర్మశాల అన్నాడు. తన రాజుకి పుణ్యం రావాలని కట్టించానన్నాడు. కొలువు చేసేవాడు యజమాని పుణ్యం కోసమని రాయి మీద చెక్కించడం! మా కంపెనీలో నేను "ఉత్తమ ఉద్యోగి" అని గాజు బొమ్మలు పంచేదాన్ని. వెళ్లేటప్పుడు చాలామంది వాటిని సొరుగులో వదిలేసి వెళ్లేవాళ్లు.

1443 ప్రాంతంలో ఆ సైన్యంతోనే దేవరాయలు తుంగభద్ర దాటి ముదగల్ కోట పట్టుకున్నాడు. ఈ ముదగల్లే. అంతటితో కథ సుఖాంతం అయిందా అంటే, కాలేదు. రెండు నెలల్లో మూడు యుద్ధాలు. చివరిదాంట్లో రాయల కొడుకు చనిపోయాడు. సంధి చేసుకుని కప్పం కట్టడానికి ఒప్పుకోవాల్సొచ్చింది. మనుషుల్ని బాగా చూసుకున్నంత మాత్రాన వ్యాపారంలో గెలుస్తామన్న పూచీ ఎవరూ ఇవ్వరు. ఆ సంగతీ చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

ఇప్పటి కాలంలో మన తెలుగువాడు ఒకడున్నాడు, మీకందరికీ తెలిసినవాడే, సత్య నాదెళ్ల. అనంతపురం జిల్లా మూలాలు, హైదరాబాదులో స్కూలు చదువు. 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూకి వెళ్తే, లెక్కలూ కోడింగూ అయ్యాక ఒకాయన అడిగాడట. రోడ్డు మీద ఒక పసిబిడ్డ పడి ఏడుస్తోంది, ఏం చేస్తావు? ఇతను కాస్త ఆలోచించి, అత్యవసర నంబరుకి ఫోన్ చేస్తానన్నాడు. ఆయన లేచి భుజం మీద చెయ్యేసి, "బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోవాలయ్యా" అని పంపించాడు. ఉద్యోగం పోయిందనుకున్నాడు నాదెళ్ల. వచ్చింది. 22 ఏళ్ల తర్వాత, 2014 ఫిబ్రవరిలో, అదే కంపెనీకి పెద్ద అయ్యాడు.

ఆ కంపెనీ అప్పటికి ఎలా ఉండేదంటే, ప్రతి టీములోనూ కొందరికి ఖాయంగా అడుగు మార్కులు వెయ్యాలి. అందరూ బాగా చేసినా సరే, కొందరు కింద ఉండాల్సిందే. ఇంక పక్కవాడికి ఎవడు సాయం చేస్తాడు? వాడు మునిగితే కదా మనం తేలేది! ఒక వ్యంగ్యచిత్రకారుడు ఆ కంపెనీ విభాగాలు ఒకదానిమీద ఒకటి తుపాకులు గురిపెట్టుకున్నట్టు బొమ్మ వేశాడు. ఆ మార్కుల పద్ధతిని 2013 చివర్లో, నాదెళ్ల రావడానికి కొద్ది నెలల ముందే, ఎత్తేశారు. ఆ పేరు కొట్టేసి ఈయన ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. ఈయన చేసింది ఇంకోటి. పెద్ద పెద్ద అధికారుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, మధ్యలో ఒక మనస్తత్వ నిపుణుణ్ణి పెట్టి, పని సంగతి పక్కనపెట్టి మీ గురించి చెప్పండన్నాడు. ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు.

పొరపాటూ చేశాడు. 2014 అక్టోబరులో ఒక మహిళా ఇంజనీర్ల సభలో, జీతం పెంచమని అడగక్కర్లేదు, కర్మని నమ్ముకోండి అన్నాడు. గగ్గోలు లేచింది. అదేరోజు ఉద్యోగులందరికీ మెయిల్ రాశాడు. నేనన్నది పూర్తిగా తప్పు, జీతం పెరగాలనిపిస్తే అడగండి అని. అదే కంపెనీ 2023 జనవరిలో 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది కూడా. అందుకే ఏ కంపెనీనీ నెత్తిన పెట్టుకుని ఊరేగను నేను. ఆ ఒక్క మెయిల్ మాత్రం నచ్చింది. తప్పు నాది అని, అదేరోజు, అందరికీ.

నేను ఆ మాట చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది.

ఉద్యోగం మానేసి ఊరొచ్చాక, ఒక ఏడు పీర్ల పండుగకి ముదగల్ వెళ్లాను. కత్తల్ రాత్రి, అంటే పండుగలో ముఖ్యమైన రాత్రి. బస్సు దిగ్గానే అడుగు పెట్టడానికి చోటు లేదు. డప్పులు, ఊదు పొగ, మరమరాలూ బత్తాసులూ అమ్మే బండ్లు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, టోపీ పెట్టుకున్న ముసలాళ్లు, ఒకే వరసలో. అందరి చేతుల్లోనూ చక్కెర పొట్లాలు. బెంగుళూరు నుంచి, పూనా నుంచి, హైదరాబాదు నుంచి పనులు మానుకుని వచ్చిన పిల్లలు, వీపున సంచుల్తో అలాగే. ఈ ఊరి నుంచి బతకడానికి వెళ్లని ఇల్లు లేదేమో. ఆ రాత్రికి రాని ఇల్లూ లేదేమో. ఆ పీర్లు ఎవరివి అని అక్కడ ఎవరినైనా అడిగి చూడండి, మీ మొహంలోకి వింతగా చూస్తారు. నా మొహంలోకి ఆ కుర్రాడు చూసినట్టే.

జనంలో వాడే నన్ను గుర్తుపట్టాడు. "అక్కా!" అన్నాడు. మేడమ్ పోయి అక్క అయ్యాను. ఇప్పుడు వేరే కంపెనీలో పదిమందికి పెద్ద. పక్కన వాళ్లమ్మ. జొన్నరొట్టెల అమ్మ. "ఈవిడ మా ఆఫీసు అక్కమ్మా" అని చెప్పాడు. ఆవిడ నన్ను ఎంత ఆప్యాయంగా చూసిందో చెప్పలేను. వాడు ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. ఏం లేదమ్మా అనే ఉంటాడు.

నాకు మాట పెగల్లేదు. చివరికి అన్నాను, "ఆరోజు నేనలా అడక్కుండా ఉండాల్సింది." వాడు నవ్వాడు. "ఏరోజక్కా?" అన్నాడు. తెలిసే అడిగాడు. తర్వాత ఫోన్ తీసి చూపించాడు. వాళ్ల టీము సెలవుల పట్టిక. ఒక్కో పేరుకెదురుగా వాడే రాసుకున్నాడు. ఒకరికి ఛఠ్ పూజ. ఒకరికి వాళ్లమ్మ కంటి ఆపరేషను. ఒకతనికి ఏమీ లేదు, "ఇంకా అడగాలి" అని ఉంది. "వాళ్లు అడగరక్కా. మనమే అడగాలి" అన్నాడు.

వరస కదిలింది. వాళ్లమ్మ నా చేతిలో ఒక చక్కెర పొట్లం పెట్టింది. పీర్ల దగ్గరుండే ముజావరు పొట్లం తీసుకుని, నెమలీకల కట్ట ఎత్తి, ప్రార్థన చదివే ముందు అడిగాడు, ఎవరి పేరు మీద అని. వెనకనుంచి జనం తోస్తున్నారు. డప్పుల మోతలో నా మాట నాకే వినపడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాను.

ఆ కుర్రాడి పేరు. ఇంటిపేరుతో సహా.